ఫిజీషియన్ అసోసియేట్లకు కాన్పుల వార్డులో ఏం నేర్పాలి?

సంపాదకులకు నమస్కారం.

ఫిజీషియన్ అసోసియేట్ కోర్సు మన దేశంలో ఇప్పుడు చట్టం పరిధిలోకి వచ్చింది. అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కోసం 2021లో చేసిన జాతీయ కమిషన్ చట్టంలో ఈ వృత్తి కూడా ఉంది. 2025లో కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన నమూనా పాఠ్యప్రణాళికల్లో దీనిదీ ఒకటి. అంటే ఈ కోర్సు చదివే పిల్లలు మన బోధనాసుపత్రుల కాన్పుల వార్డుల్లో ఇకమీదట మరింతగా కనిపిస్తారు. వాళ్లను అక్కడికి పంపేముందు కాలేజీలూ, ప్రసూతి విభాగాల పెద్దలూ కూర్చుని తేల్చుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఇలాంటి విద్యార్థులకు పాఠం చెబుతున్న తెలుగు ప్రసూతి వైద్యులం మేము. ఏది పనికొస్తుందో, ఏది బెడిసికొడుతుందో దగ్గరగా చూస్తున్నాం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఈ వృత్తి అమెరికాలో 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన దేశంలో 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో అడుగుపెట్టింది. డాక్టర్ పర్యవేక్షణలో రోగి వివరాలు తీసుకోవడం, పరీక్షించడం, ఫలితాలు చూడటం, డాక్టర్‌కు చేతికింద సాయంగా ఉండటం వీళ్ల పని. ఇక్కడ పుట్టింది గుండె ఆపరేషన్ థియేటర్‌లో కనుక, మన దగ్గర ఈ వృత్తికి థియేటర్ అలవాట్లు ఎక్కువ అబ్బాయి. గర్భిణిని చూడటం మాత్రం థియేటర్‌లో వచ్చే విద్య కాదు.

బ్రిటన్‌లో డిగ్రీ తర్వాత రెండేళ్ల కోర్సు ఇది. 2012 నాటి పాఠ్య చట్రం ప్రకారం ఆసుపత్రుల్లో గడపాల్సిన సమయం కనీసం 1,600 గంటలు. అందులో ప్రసూతి, స్త్రీల వైద్యానికి దక్కేది 90 గంటలు. రోజుకు ఏడున్నర గంటల చొప్పున లెక్కేస్తే సరిగ్గా 12 రోజులు. ఎంబీబీఎస్ విద్యార్థికి నెలల తరబడి నేర్పే శాస్త్రాన్ని 12 రోజుల్లో కుదించి చెప్పబోతే ఏదీ మిగలదు. కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ విద్యార్థి రేపు ఎక్కడ పనిచేస్తాడు? ఎక్కువమంది క్యాజువాలిటీలో, జనరల్ మెడిసిన్ వార్డులో, సర్జరీలో, ఊళ్లో డాక్టర్ పక్కన పనిచేస్తారు. కాన్పుల వార్డులో ఉద్యోగం చేసేది కొద్దిమందే. గర్భిణి మాత్రం ఆ అన్ని చోట్లకూ వస్తుంది. కొన్నిసార్లు తాను గర్భిణినని తనకే తెలియకుండా వస్తుంది. ఆమెను గుర్తుపట్టడం, ప్రమాదాన్ని పసిగట్టడం, ఆలస్యం చేయకుండా సరైన మనిషిని పిలవడం, ఈ మూడూ 12 రోజుల్లో నేర్పొచ్చు. కాన్పు చేయడం నేర్పలేం, నేర్పబోకూడదు కూడా.

ప్రణాళిక లేని చోట జరిగేది ఇది. విద్యార్థి పొద్దున్నే వస్తాడు. ఎవరితో ఉండాలో ఎవరికీ తెలియదు. ‘థియేటర్‌లో సిజేరియన్లున్నాయి, వెళ్లి చూడు’ అంటారు. అక్కడ సర్జన్, అసిస్టెంట్, స్క్రబ్ నర్సు, ఇద్దరు మెడికల్ విద్యార్థుల వెనక గోడకు ఆనుకుని నిలబడతాడు. అక్కణ్నుంచి కనిపించేది ఆకుపచ్చ గుడ్డే. రెండు వారాలు గడిచాక లాగ్‌బుక్‌లో ‘సిజేరియన్లు 9’ అని ఉంటుంది. ఒక్క గర్భిణి పొట్ట మీద కూడా చేయి వేసి ఉండడు. లాగ్‌బుక్ నిండింది కనుక సంతకం పడిపోతుంది.

మా సూచన: 12 రోజుల్లో రెండు రోజులు తొలినెలల సమస్యల విభాగంలో, రెండు రోజులు గర్భిణుల ఓపీలో, రెండు రోజులు అత్యవసరంగా వచ్చే గర్భిణుల్ని చూసే గదిలో, మూడు రోజులు లేబర్ రూమ్‌లో గడపాలి. ఆ మూడింటిలో ఒకటి రాత్రి డ్యూటీ అయితే మంచిది. మిగిలిన మూడింటిలో రెండు రోజులు స్త్రీల వ్యాధుల ఓపీకి, ఎమర్జెన్సీకి. థియేటర్‌కు ఒక్క రోజు చాలు.

తొలినెలల విభాగంతోనే మొదలుపెట్టాలని అంటున్నామంటే కారణముంది. క్యాజువాలిటీలో గుర్తించకపోతే ప్రాణం మీదికొచ్చేది ట్యూబులో గర్భం, అంటే గర్భసంచిలో కాక దాని పక్కనున్న ట్యూబులో నిలిచిన గర్భం. దానికి పుస్తకంలో ఉండే లక్షణాలు పొత్తికడుపు నొప్పి, నెల తప్పడం, కొద్దిగా రక్తం కనబడటం. వార్డులో కనిపించేది వేరు. విరేచనాలు, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం, పడుకుంటే భుజం కొసన నొప్పి. పొట్టలోకి కారిన రక్తం డయాఫ్రమ్‌ను రాపిడి చేస్తే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. పేగుల దగ్గర చేరిన రక్తం వల్ల విరేచనానికి వెళ్లాలనిపిస్తుంది. దాన్ని ‘ఏదో తిన్నది పడలేదు’ అని సెలైన్ పెట్టి, గ్యాస్ మాత్ర ఇచ్చి పంపితే ఆమె ఇంట్లోనే కుప్పకూలుతుంది. పైగా వయసులో ఉన్న మనిషి గుండె గట్టిది. రక్తం చాలా పోయేదాకా బీపీ నిలబడే ఉంటుంది, ముందు పెరిగేది నాడి. నాడి 110 ఉండి బీపీ 110/70 ఉంటే ‘బీపీ బాగుంది’ అనే విద్యార్థికి ఇంకా పాఠం ఎక్కలేదని అర్థం.

అందుకే మొదటి నియమం: నెలసరి వచ్చే వయసున్న స్త్రీ కడుపునొప్పితోగానీ, కళ్లు తిరిగిగానీ వస్తే మూత్రంతో గర్భ పరీక్ష చేసి తీరాలి. ‘నెల తప్పలేదండీ’ అన్నా చేయాలి. ట్యూబులో గర్భం వల్ల పడే రక్తాన్నే నెలసరి అనుకునేవాళ్లు ఉంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంకో ఉచ్చు ఉంది. ఇక్కడ కుటుంబ నియంత్రణ అంటే ట్యూబెక్టమీయే అన్నంతగా ఆ ఆపరేషన్ జరుగుతుంది. ‘ఆపరేషన్ అయిపోయిందండీ, ఇంకేం గర్భం’ అని ఆమె అంటుంది, విద్యార్థి కూడా సరేనంటాడు. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదే. వస్తే మాత్రం అది ట్యూబులో ఉండే అవకాశం మామూలుకన్నా చాలా ఎక్కువ. కాబట్టి ‘ఆపరేషన్ అయింది’ అన్న మాట విన్నాక పరీక్ష మానేయకూడదు, ఇంకా పట్టుదలగా చేయాలి. పరీక్ష పట్టీకి కూడా హద్దులున్నాయి. మామూలు పట్టీలు గర్భం వల్ల పుట్టే హెచ్‌సీజీ అనే హార్మోన్ 25 యూనిట్ల దగ్గర పలుకుతాయి. సెలైన్ ఎక్కాక వచ్చిన పల్చటి మూత్రంలో గీత కనబడకపోవచ్చు. అనుమానం తీరకపోతే రక్తంలో చూడాలి.

గర్భం తేదీ లెక్క కట్టడంలో తెలుగు విద్యార్థులు ప్రత్యేకంగా నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి వారాలు లెక్కిస్తాం. ‘ఆఖరిసారి ఎప్పుడు స్నానం చేశావమ్మా?’ అని అడిగితే ఆమె చెప్పేది తలస్నానం చేసిన రోజు. అది మూడో రోజో, అయిదో రోజో అవుతుంది. ‘రక్తం కనబడిన మొదటి రోజు ఏది?’ అని విడిగా అడగాలి. తేదీ గుర్తులేకపోతే పండగలు ఆసరా చేసుకోవాలి: సంక్రాంతికి ముందా తర్వాతా, శివరాత్రికి ఎన్నాళ్ల ముందు అని. వచ్చిన తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ. ఈ లెక్క 28 రోజుల చక్రానికే నప్పుతుంది. 40 రోజులకోసారి వచ్చేవాళ్లకు గర్భం వయసు అసలుకన్నా ఎక్కువగా కనబడుతుంది. తొలినెలల స్కాన్ ఉంటే దాని తేదీనే పట్టుకోవాలి. ఏడో నెలలో తీసిన స్కాన్‌తో తేదీ మార్చకూడదు. అలా మారిస్తే ఎదుగుదల ఆగిన బిడ్డ ‘నెలలు తక్కువ బిడ్డ’గా మారిపోతుంది.

పాత కాన్పుల సంగతి కూడా లెక్కగా రాయాలి. ఎన్నిసార్లు గర్భం వచ్చింది, ఎన్ని కాన్పులు, ఎన్ని పోయాయి, ప్రతి కాన్పు ఎలా అయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అందువల్ల ఇక్కడ రెండో కాన్పుకు వచ్చే చాలామంది గర్భసంచి మీద పాత కుట్టు ఉంటుంది. కుట్టు ఉన్నామెకు ‘మాయ ఎక్కడుంది?’ అన్నది మామూలు ప్రశ్న కాదు. మాయ కిందికి ఉండి పాత కుట్టు మీద పెరిగితే కాన్పు సమయంలో అది ఊడిరాదు, రక్తం ఆగదు. స్కాన్ రిపోర్టులో మాయ ఉన్న చోటు చదివి, కుట్టు ఉందని ఎర్ర సిరాతో రాసి, పెద్ద డాక్టర్‌కు చూపించడం వరకూ విద్యార్థి చేయగలడు, చేయాలి.

ఇక బీపీ. అందరూ చూస్తారు, సరిగా చూసేవాళ్లు తక్కువ. అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకు ఆనిక ఉండాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి, కఫ్ జబ్బ చుట్టుకొలతకు తగినది కావాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే బీపీ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. అంతకన్నా ప్రమాదకరమైన తప్పు ఇంకొకటి. గర్భిణిని ఎడమవైపు పడుకోబెట్టి, పైకి ఉన్న కుడిచేతికి కఫ్ చుట్టి చూస్తారు. ఆ చేయి గుండెకన్నా ఎత్తులో ఉంటుంది, అంకె తక్కువ వస్తుంది. 160 ఉన్నది 145గా కనబడి, ఇవ్వాల్సిన మందు ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ యంత్రాల్లో చాలావి గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) ముప్పున్న గర్భిణుల్లో అసలు బీపీకన్నా తక్కువ చూపిస్తాయి. కాబట్టి అంకె పెద్దదిగా ఉన్నప్పుడు స్టెతస్కోప్‌తో చేత్తో చూడటం రావాలి. 140/90 అనుమానించాల్సిన గీత, 160/110 పరుగెత్తాల్సిన గీత.

ఎనిమిదో నెలలో రొమ్ము కింద, కుడివైపు పక్కటెముకల దగ్గర నొప్పి అని వస్తే మన ఊళ్లలో తక్షణం వినబడే మాట ‘గ్యాస్’. కాలేయం ఉబ్బి దాని పొర సాగడం వల్ల వచ్చే నొప్పి కావచ్చు అది. రాబోయే ఫిట్స్‌కు హెచ్చరిక గంట కావచ్చు. గ్యాస్ మందు రాసేలోపు బీపీ, మూత్రంలో ప్రోటీన్, ప్లేట్‌లెట్లు, కాలేయ పరీక్షలు చూశారా అన్నదే ప్రశ్న. ఈ సందర్భంలో డాక్టర్‌ను ఎలా పిలవాలో కూడా నోటికి వచ్చేలా సాధన చేయించాలి. వార్డులో మేం చెప్పించేది ఇలా ఉంటుంది: ‘మేడమ్, నేను ఫిజీషియన్ అసోసియేట్ విద్యార్థిని. ఎమర్జెన్సీ గదిలో 34 వారాల గర్భిణి ఉన్నారు, తొలి కాన్పు. బీపీ 168/112. పది నిమిషాల తర్వాత మళ్లీ చూశాను, 164/110. తలనొప్పి, కళ్లముందు మెరుపులు అంటున్నారు. ప్రోటీన్ రెండు ప్లస్‌లు. మీరు ఇప్పుడే రావాలి.’ ఇరవై సెకన్లు పట్టదు. ‘మేడమ్, ఒక పేషెంట్ ఉన్నారు, తలనొప్పట, ఎందుకో మరి...’ అని మొదలుపెడితే అవతల ఆపరేషన్ మధ్యలో ఉన్న డాక్టర్ ‘తర్వాత చూస్తాను’ అంటారు. వాళ్ల తప్పు లేదు.

ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మోతాదు వేసేది విద్యార్థి కాదు. ఆ మందు ఎక్కుతున్న మనిషి పక్కన కూర్చుని మోకాలి జెర్క్ (మోకాలి కింద తడితే కాలు ఎగరడం), నిమిషానికి ఊపిరి, గంటకు మూత్రం చూసి రాసే పని మాత్రం అతనికి అప్పగించవచ్చు. మొదట పోయేది మోకాలి జెర్క్, ఆ తర్వాత ఊపిరి మందగిస్తుంది. మూత్రం తగ్గితే మందు ఒంట్లోనే పేరుకుంటుంది, ఎందుకంటే అది బయటికి పోయే దారి మూత్రపిండాలే. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్, పది శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లు. అది ఏ ట్రేలో ఉందో మొదటి రోజే చూపించాలి.

పొట్ట చూడటం నేర్పేటప్పుడు టేపు దగ్గర కాసేపు ఆగాలి. ముందు మూత్రానికి వెళ్లి రమ్మనాలి, నిండిన మూత్రాశయం గర్భసంచిని పైకి నెడుతుంది. తల కొంచెం ఎత్తుగా పడుకోబెట్టాలి. అయిదో నెల దాటాక బల్లపరుపుగా వెల్లకిలా వద్దు, బరువంతా పెద్ద సిర మీద పడి ఆమెకు కళ్లు తిరుగుతాయి. అరచేతులు వెచ్చబెట్టుకుని, ఎడమచేతి అంచుతో గర్భసంచి పైకొస పట్టుకోవాలి. టేపు అంకెలున్న వైపు కిందికి తిప్పి, పైకొస నుంచి జఘనాస్థి (పొత్తికడుపు కింది ఎముక) పై అంచు దాకా చర్మానికి ఆనించి లాగాలి. అప్పుడు తిప్పి అంకె చదవాలి. అంకెలు కనబడేలా కొలిస్తే కన్ను మోసం చేస్తుంది. 32 వారాలని కార్డులో చూసిన చేయి 32 దగ్గరే ఆగుతుంది. 24 వారాల నుంచి కొలవడం మొదలుపెట్టి ప్రతిసారీ గ్రాఫ్ మీద చుక్క పెట్టాలి. ఒక్క చుక్కతో పెద్దగా తెలిసేది లేదు, మూడు చుక్కల వరస పడిపోతుంటే బిడ్డ ఎదగడం లేదేమోనని స్కాన్‌కు పంపుతారు. తల ఎటుందో చేతులకు తెలిసేదాకా కనీసం 15 పొట్టలు చూడాలన్నది మా అంచనా. ప్రతిదీ నర్సో డాక్టరో వెంటనే మళ్లీ చూసి సరిదిద్దాలి. తప్పు సరిదిద్దని 15 పొట్టల వల్ల తప్పే గట్టిపడుతుంది.

లేబర్ రూమ్‌లో విద్యార్థికి తగిన పని ఏమిటి? మామూలు కాన్పు మిడ్‌వైఫ్‌లది, అంటే కాన్పులు చేయడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సులది. తెలంగాణ 2017 నుంచే మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఆ శిక్షణలో ఉన్న నర్సుకు లెక్కపెట్టిన కాన్పులు చేసి తీరాల్సిన అవసరముంది. ఫిజీషియన్ అసోసియేట్ విద్యార్థి ఆ కాన్పుల కోసం పోటీ పడకూడదు. ఒక గదిలో ఒక్క విద్యార్థే ఉండాలి. ఆమె ఒప్పుకుందా లేదా అన్నది విద్యార్థి గుమ్మంలో నిలబడి ఉండగా అడగకూడదు. అలా అడిగితే ఏ ఆడమనిషీ కాదనలేదు. నర్సు ముందే ఒంటరిగా అడిగి, సరే అంటేనే పిలవాలి.

విద్యార్థికి నేర్పదగిన గొప్ప విద్య అక్కడ రక్తం కొలవడం. కంటితో వేసే అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది. దీనికి ఒక అభ్యాసం ఉంది, ఖర్చు లేనిది. లీటరు నీళ్లలో ఎర్ర రంగు కలిపి, కిడ్నీ ట్రేలో 500 మిల్లీలీటర్లు పోయండి. రక్తం పీల్చడానికి వాడే 45 సెంటీమీటర్ల పెద్ద గుడ్డను, అంటే మాప్‌ను, 350 మిల్లీలీటర్లతో తడపండి. మిగిలిన 150 పరుపు మీది గుడ్డ మీద చల్లండి. విద్యార్థుల్ని పిలిచి ఎంత పోయిందో కాగితం మీద రాయమనండి. చాలా కాగితాల్లో 500, 600 కనబడుతుంది. తర్వాత తక్కెడ తెచ్చి తూయించండి. తడి మాప్ బరువులోంచి పొడి మాప్ బరువు తీసేయాలి, ఒక గ్రాము ఒక మిల్లీలీటర్ కింద లెక్క. పొడి మాప్, ప్యాడ్, గుడ్డల బరువులు ముందే తూచి గోడకు అంటించి ఉంచితే అసలు సమయంలో వెతుక్కోనక్కర్లేదు. ఉమ్మనీరు కలిసి ఉంటే లెక్క ఎక్కువ వస్తుంది. అందుకే బిడ్డ బయటికి వచ్చి ఉమ్మనీరు పోయాక కింద కొత్త గుడ్డ పరవాలి.

నెలలు నిండిన గర్భిణి ఒంట్లో కిలోకు సుమారు 100 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 70 కిలోల మనిషికి ఏడు లీటర్లు, 45 కిలోల మనిషికి నాలుగున్నరే. బ్రిటన్ పుస్తకంలోని వెయ్యి మిల్లీలీటర్ల హెచ్చరిక మన సన్నటి ఆడపిల్లకు, అందులోనూ హిమోగ్లోబిన్ 8 ఉన్నామెకు, చాలా ఆలస్యమైన హెచ్చరిక. మన గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. ఇది బట్టీపట్టిన అంకెతో కాక బరువుతో కలిపి ఆలోచించడం నేర్పాలి.

రక్తస్రావం మొదలైతే గదిలోకి పదిమంది వస్తారు. విద్యార్థికి చేతికి అట్ట, పెన్ను ఇచ్చి రాతపని అప్పగించాలి. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు, ఎవరు ఇచ్చారు. గోడ గడియారం ఒక్కటే చూడాలి. ఫోన్‌లో ఒక టైము, బిడ్డ గుండె యంత్రంలో ఒక టైము, గోడ మీద ఇంకొకటి ఉండి, తర్వాత కాగితాలు కలవని సందర్భాలు ఎన్నో. ప్రతి అయిదు నిమిషాలకు ‘ఇప్పటిదాకా 800 మిల్లీలీటర్లు, ట్రానెక్సామిక్ ఆసిడ్ ఇంకా ఇవ్వలేదు’ అని గట్టిగా చదవాలి. రక్తం ఆపే ఆ మందు కాన్పయిన మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు చేస్తుందని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. రక్తం ఆగేలా గర్భసంచిని బిగించే మందుల్లో మిథైల్ ఎర్గోమెట్రిన్ బీపీ ఉన్నామెకు పనికిరాదు, కార్బోప్రోస్ట్ ఆస్తమా ఉన్నామెకు పనికిరాదు. ‘బీపీ ఎంత? ఆయాసం జబ్బు ఉందా?’ అని కేస్ షీట్ చూసి చెప్పగలిగిన విద్యార్థి ఆ గదిలో నిజంగా ఉపయోగపడ్డట్టే.

లోపలి పరీక్ష విషయంలో కఠినంగా ఉండాలి. నెలలు నిండుతుండగా రక్తం కనబడిన గర్భిణికి మాయ ఎక్కడుందో తెలిసేదాకా విద్యార్థే కాదు, ఎవరూ వేలితో పరీక్ష చేయకూడదు. మాయ కిందికి ఉంటే ఆ వేలే పెద్ద రక్తస్రావం తెస్తుంది. రెండు రెక్కల పనిముట్టుతో యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్ పరీక్ష ముందు బొమ్మ మీద నేర్పాలి. బ్రిటన్‌లో కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఇందుకు శిక్షణ పొందిన స్త్రీలు ఉంటారు. తమ ఒంటి మీదే పరీక్ష చేయించుకుంటూ ‘ఇక్కడ నొప్పి, ఇలా తిప్పు’ అని విద్యార్థికి చెబుతారు. మన దగ్గర అది కుదరకపోయినా తరచూ జరిగే తప్పులు ముందే చెప్పొచ్చు. మరను చూసుకోకుండా దూర్చడం, మూత్రద్వారం వైపు ఒత్తడం, పూర్తిగా లోపలికి పోకముందే రెక్కలు తెరవడం, బయటికి తీసేటప్పుడు గర్భసంచి ముఖద్వారాన్ని రెక్కల మధ్య నొక్కేయడం. విద్యార్థి అబ్బాయైనా అమ్మాయైనా పక్కన ఇంకో ఆడమనిషి, నర్సో ఆయానో, ఉండి తీరాలి. మత్తులో ఉన్న స్త్రీకి విద్యార్థులు లోపలి పరీక్ష చేయాలంటే ఆమె ముందురోజే, మెలకువలో, ఎవరు చేస్తారో తెలిసి సంతకం పెట్టి ఉండాలి. ఆసుపత్రి మామూలు ఒప్పంద పత్రంలో అది కలిసిపోదు.

వార్డు బయటి పాఠాల్లో ఒక్కటి మాత్రం వదలకూడదు. గర్భం వస్తే రక్తపరీక్షల అంకెలు మారతాయి. క్రియాటినిన్ 0.9 మామూలు మనిషికి మంచి అంకె, గర్భిణికి మూత్రపిండాల మీద కన్నేయాల్సిన అంకె. తెల్లకణాలు 14 వేలున్నా ఇన్ఫెక్షన్ అనుకోనక్కర్లేదు. రక్తం గడ్డకట్టిన ఆనవాలు చూపే డీ-డైమర్ ఎలాగూ పెరుగుతుంది, దాన్ని పట్టుకుని గడ్డ ఉందనీ లేదనీ చెప్పలేం. బ్రిటన్‌లో 2020-22 మధ్య గర్భిణుల, బాలింతల మరణాలకు మొదటి కారణం రక్తం గడ్డకట్టడమే. ఆయాసంతో వచ్చిన గర్భిణికి ‘బిడ్డకు ప్రమాదం’ అని ఛాతీ ఎక్స్‌రే ఆపేస్తారు. ఆ ఎక్స్‌రేతో బిడ్డకు తగిలే రేడియేషన్ లెక్కలోకి రానంత. గర్భిణి ఒక్కతే కాదు, బాలింత కూడా కాన్పయిన ఆరు వారాల దాకా ఇదే ప్రమాదంలో ఉంటుంది. బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి ఒంటరిగా క్యాజువాలిటీకి వచ్చినామె బాలింత అని చూడగానే ఎవరికీ తెలియదు, అడగాలి.

బ్రిటన్ పద్ధతి ఇక్కడ అచ్చంగా నప్పని చోట్లు చట్టంలో ఉన్నాయి. అక్కడ విద్యార్థికి స్కాన్ యంత్రం మీద చేయి పెట్టనిచ్చినా పెద్ద చిక్కు లేదు. ఇక్కడ 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం గర్భిణికి స్కాన్ చేయగలిగేది తగిన అర్హతతో నమోదైన వైద్యులే. ‘ఊరికే బిడ్డ గుండె చూద్దాం’ అని విద్యార్థి ప్రోబ్ పట్టుకుంటే కేసు ఆ విభాగం మొత్తం మీదికొస్తుంది. గర్భస్రావం చట్టం కింద అభిప్రాయం రాయాల్సింది, పని చేయాల్సింది అర్హత గల వైద్యులే. 18 ఏళ్లలోపు అమ్మాయి గర్భంతో వస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలపాలి. విద్యార్థి ఆ అమ్మాయి వయసు విన్న వెంటనే తన డాక్టర్‌కు చెప్పాలి, కారిడార్‌లో ఇంకెవరితోనూ అనకూడదు.

పేరు సంగతి కూడా చిన్నది కాదు. బ్రిటన్‌లో ఈ వృత్తిని వైద్యుల నియంత్రణ సంస్థ జనరల్ మెడికల్ కౌన్సిల్ 2024 డిసెంబరులో తన నియంత్రణలోకి తీసుకుంది. 2025 జులైలో, ఈ వృత్తిపై అక్కడి ప్రభుత్వం చేయించిన జిలియన్ లెంగ్ సమీక్ష వెలువడింది. ‘అసోసియేట్’ అన్న పేరు జనాన్ని తికమక పెడుతోంది, మళ్లీ ‘అసిస్టెంట్’ అనండి, వేరే బట్టలు, వేరే బ్యాడ్జీ పెట్టండి, రోగం ఏమిటో ఇంకా తేలని రోగుల్ని స్పష్టమైన నియమావళి లేకుండా వాళ్లకు అప్పగించకండి అని ఆ సమీక్ష చెప్పింది. మన దగ్గర తెల్లకోటు వేసుకున్న ప్రతివాళ్లూ డాక్టర్‌గారే, డాక్టరమ్మే. కాబట్టి బ్యాడ్జీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ‘విద్యార్థి, డాక్టర్ కాదు’ అని ఉండాలి. ప్రతి రోగికీ మొదటి మాటగా అది నోటితో కూడా చెప్పాలి. చదవలేనివాళ్లకు బ్యాడ్జీతో ఉపయోగం లేదు.

పన్నెండో రోజున పరీక్ష ఎలా ఉండాలో కూడా రాసి ముగిస్తాం. థియరీ ప్రశ్నపత్రం వద్దు. నాలుగు మూలల్లో నాలుగు పనులు పెట్టండి. ఒకచోట కడుపునొప్పితో వచ్చి ‘ఆపరేషన్ అయిపోయింది’ అనే స్త్రీ పాత్రలో ఒక నర్సు. ఇంకోచోట టేపు, నిజమైన గర్భిణి, ఆమె అనుమతితో. మూడోచోట రంగునీళ్లలో తడిసిన మాప్‌లు, తక్కెడ. నాలుగోచోట 168/112 అని రాసిన చార్టు, ఒక ఫోను. ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు. ఏ ఒక్కటి తప్పినా మరో మూడు రోజులు ఆ విభాగంలోనే గడిపి మళ్లీ రావాలి. లాగ్‌బుక్‌లో సంతకం ఆ తర్వాతే.

ఇట్లు,
బ్రిటన్ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న కొందరు తెలుగు ప్రసూతి, స్త్రీల వైద్యులు